చలి మేస్త్రి కూతురు

తల్లి ఈ పిల్లను సాకి సాకే పోయింది. ఆ ఇంట్లో అది తేలిపోయిన విషయం. తేల్చింది తండ్రి. తన గుండెలో జబ్బు ముదురుతున్నా ఎవరికీ చెప్పకుండా, కూతురి సూదులూ కూతురి తిండీ కూతురి రక్తంలోని చక్కెరా తప్ప మరో ధ్యాస లేకుండా బతికి, ఒక సాయంత్రం వంటగది గడప మీద కూలబడి మళ్ళీ లేవలేదు ఆ ఇల్లాలు. అంత చేయించుకున్న కూతురు ఇప్పుడు దొంగతిండి తింటోంది. అదీ తేలిపోయిన విషయమే. మనుషులు అబద్ధమాడతారు గానీ చక్కెర చూసే మీటరు ఆడదు కదా.

"చూశావా?" అన్నాడు తండ్రి, మీటరును తన చెల్లెలి ముందుకు తోస్తూ. "మళ్ళీ మూడొందలు దాటింది. నిన్న ఏం తిన్నదో అడుగు దాన్ని."

కూతురు ఎదురుగానే కూర్చుని ఉంది. అయినా ఆయన ఆమెతో మాట్లాడడు. ఏం చెప్పాలన్నా చెల్లెలికి చెబుతాడు. దాన్ని తినమను, దాన్ని పడుకోమను, దాన్ని దీపం ఆర్పమను. భార్య పోయిన కొన్నాళ్ళకు మొదలైన అలవాటు ఇది. వదిన పోయాక ఇల్లు చూసుకోవడానికి వచ్చిన ఆ మేనత్త మొదట్లో నవ్వేది. "నేనేమన్నా టెలిఫోను తీగనా అన్నయ్యా, ఇటు చెప్పింది అటు మోయడానికి?" అనేది. తరవాత తరవాత ఆవిడకూ అలవాటైపోయింది. ఇప్పుడు కూడా మేనకోడలి వైపు తిరిగి, "ఏం తిన్నావే?" అని నీరసంగా అడిగింది.

"నువ్వు పెట్టిందే తిన్నాను అత్తా."

"నేను పెట్టిందే తిన్నానంటోంది అన్నయ్యా."

"బేకరీలో ఎవరు పెట్టారో అడుగు," అని లేచి వెళ్ళిపోయాడు తండ్రి.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఆమె బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. గిర్రున తిరిగే పీట మీద కేకు పెట్టుకుని, క్రీము నింపిన కోను పట్టుకుని, పువ్వులు పూయించి, ఆకులు తొడిగి, నడుమన ఎవరి పేరు రాయమంటే వాళ్ళ పేరు రాస్తుంది. క్రీము రుచి సరిపోయిందో లేదో పక్కమనిషి చూసి చెప్పాలి. తను వేలు కూడా నోట్లో పెట్టుకోదు. బేకరీ యజమానురాలికి అందుకే ఆమె అంటే ప్రాణం. "నీ చేతికి కేకిస్తే నాకు నిశ్చింత అమ్మాయ్. మిగతా వాళ్ళకిస్తే సాయంత్రానికి అంచులు అరిగిపోతాయి," అని నవ్వేది. బయటి మనిషి అంత నమ్మింది. కన్నతండ్రి నమ్మలేదు.

బడిలో చేరిన కొత్తలోనే వచ్చింది ఆమెకు ఈ టైప్ వన్ మధుమేహం. ఒంట్లో ఇన్సులిన్ పుట్టదు. పొద్దునా సాయంత్రమూ సూదితో ఎక్కించుకోవలసిందే, బతికినంత కాలమూ. ఆ మాట డాక్టరు చెప్పిన రోజు ఇల్లంతా శవం లేచినట్టు ఏడ్చారు గానీ, తల్లి ఏడవలేదు. జడ వేసినట్టే సూది వేసేది. "ఏం లేదమ్మా, నీ ఒళ్ళు మరిచిపోయిన పని మనం చేతులతో చేస్తున్నాం, అంతే," అనేది. ఆ మాటతో పిల్ల పెరిగి పెద్దదైంది. తల్లి పోయాక కూడా ఆ మాటే పట్టుకుని తన సూది తనే వేసుకుంది, తన తిండి తనే చూసుకుంది, ఉద్యోగం చేసుకుంది. మీటరు కూడా చెప్పినట్టు విన్నది. మరి ఇప్పుడు ఏమొచ్చింది?

ఈ ఏడాది తండ్రి ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంటిపట్టున ఉంటున్నాడు. అప్పటి నుంచే మొదలైంది ఈ గోల. అదే మందు, అదే కొలత, అదే తిండి. అయినా ఒకరోజు మీటరు బాగానే ఉంటుంది, మర్నాడు ఆకాశానికి అంటుతుంది. మందు కొత్తగా తెచ్చినప్పుడు ఒకటి రెండు పూటలు దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఎంత తాగినా దాహం తీరదు. బట్టలు వదులైపోయాయి. కళ్ళ ముందు మసక. సీసాను అరచేతుల మధ్య దొర్లిస్తే లోపల నలుసులు తేలుతున్నట్టు కనిపించేది. తన కళ్ళే చెడుతున్నాయనుకుని భయపడి మెల్లగా రెప్పలు నులుముకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది.

డాక్టరు దగ్గరికి వెళితే ఆయన తల ఎత్తకుండానే అడిగాడు, సూదులు మానేస్తున్నావా అని. లేదంది. మందు ఫ్రిజ్‌లో పెడుతున్నావా అని అడిగాడు. పెడుతున్నానంది. తలుపుకున్న అరలో, కప్పులో, అమ్మ పెట్టిన చోటే. అయితే తిండి దగ్గర తేడా ఉంది, నిజం చెప్పు అన్నాడు. చెప్పడానికి ఆమె దగ్గర నిజమే తప్ప ఏమీ లేదు. ఆ నిజం ఎవరికీ పనికిరాలేదు. ఆయన కొలత పెంచి పంపించాడు.

మెల్లమెల్లగా ఆమెకు తన మీదే అనుమానం పుట్టింది. తనకు తెలియకుండా వేళ్ళు నాకుతోందా? బేకరీలో చేతులు కడిగీ కడిగీ చర్మం పగిలింది. ఒకరోజు యజమానురాలిని పక్కకు పిలిచి, నేను క్రీము తినగా మీరెప్పుడైనా చూశారా అని అడిగింది. ఆవిడ పగలబడి నవ్వింది. తరవాత ఈ పిల్ల మొహం చూసి నవ్వు ఆపేసింది. ఇంటికొచ్చి మేనత్తను అడిగింది.

"నేను నిద్రలో లేచి తింటున్నానా అత్తా?"

"నీ పక్కనే పడుకుంటాను కదే. నీళ్ళకీ బాత్రూముకీ తప్ప లేవవు." అంటూనే ఆవిడ మళ్ళీ, "అయినా... నాకూ ఓ కునుకు పడుతుందిగా," అంది.

ఆ కునుకే ఆ పిల్లను మింగేసింది. ఇంట్లో తనను పూర్తిగా నమ్మేవాళ్ళు ఒక్కరూ లేరు... ఆఖరికి తను కూడా.

ఒక ఉదయం సూది చేత్తో పట్టుకుని కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. గుచ్చుకోలేదు. దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి పనికి పోయింది. సాయంత్రం భయం భయంగా మీటరు చూస్తే ఎప్పుడూ ఉన్నంతే ఉంది. వేసుకున్నా ఇంతే, వేసుకోకపోయినా ఇంతే! ఆ క్షణంలో ఆమెకు దుఃఖం రాలేదు. సంతోషం లాంటిదేదో వచ్చింది. ఇన్నేళ్ళ చాకిరీ నుంచి ఎవరో సెలవిచ్చినట్టు అనిపించింది. ఆ సాయంత్రం కూడా వేసుకోలేదు. మర్నాడూ వేసుకోలేదు. ఎవరి కోసం వేసుకోవాలి? అమ్మ లేదు. నాన్నకు తనొక దొంగ. ఒంటికి అసలే లెక్క లేదు. "మరిచిపోయిన పని మనం చేస్తున్నాం" అన్న అమ్మ మాట ఆరోజు ఎంత తలుచుకున్నా గొంతులోంచి రాని పాటలా ఎక్కడో ఆగిపోయింది.

మూడోరోజు బేకరీలో, ఎవరింట్లోనో పుట్టినరోజు కేకు మీద పేరు సగం రాసి, ఆ కేకు మీదే పడిపోయింది.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి చేతికి సెలైను ఉంది. మేనత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఒంట్లో విషం చేరిందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదనీ డాక్టర్లు చెప్పారట. తండ్రి మంచం చివర నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదట. రెండు రోజులు గడిచేసరికి మీటరు చక్కగా దిగివచ్చింది. అదే పేరున్న మందు, దాదాపు అదే కొలత. నర్సు వచ్చి చూసి, బాగుందమ్మా అని బుగ్గ మీద తట్టి వెళ్ళింది. మేనత్త చేతులు జోడించింది. అప్పుడన్నాడు తండ్రి, చెల్లెలితోనే.

"ఇక్కడ దిగింది. ఎందుకు దిగిందో తెలుసా? ఇక్కడ దొంగతనానికి వీల్లేదు కాబట్టి."

కూతురు పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. అదే మందు ఇక్కడ పనిచేసి ఇంట్లో పనిచేయకపోవడం ఏమిటి? ఇంటికీ ఆసుపత్రికీ ఉన్న తేడా ఏమిటి? తానే. ఇంట్లో తన చేతులు వదులుగా ఉంటాయి, ఇక్కడ కట్టి ఉన్నాయి. నాన్న చెప్పిందే నిజమేమో... అలసిపోయింది ఆ పిల్ల. వాదించి అలసిపోయింది, ఏడ్చి అలసిపోయింది, తనను తాను కాపలా కాసుకుని అలసిపోయింది.

"అవును నాన్నా," అంది. "నేనే తిన్నాను. రోజూ తిన్నాను. ఇక తినను."

గెలిచిన మనిషి మొహం ఎలా ఉండాలో అలా లేదు ఆయన మొహం. రంగు పోయింది. వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కొన్ని రోజులు ముందు గదిలో మంచం వేసుకుని పడుకుంది. కొత్త మందు సీసాలు తెచ్చారు. మీటరు బుద్ధిగా ఉంది. ఒప్పుకున్నాక పిల్ల బాగుపడిందని మేనత్త మురిసిపోయింది. తండ్రి కూడా కొంచెం మెత్తబడ్డాడు. ఒకసారి "దానికి ఇంకో దిండు ఇవ్వు" అన్నాడు. కూతురు మళ్ళీ పనికి వెళ్ళింది. వారం తిరక్కుండానే మీటరు మూడొందలు దాటింది.

ఆ ఉదయం ఆయన కేకలు వేయలేదు. మెల్లగా, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ చెల్లెలితో చెప్పాడు. "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగుంది. బేకరీ గడప తొక్కగానే మళ్ళీ మొదలు. ఆ ఉద్యోగం మానేసి రమ్మను. లేదంటే నా ఇంటికి రావద్దను."

ఆమె బేకరీకి వెళ్ళి, రేపటి నుంచి రానని చెప్పింది. నేను దొంగను, మీకు తెలియదు అంది. యజమానురాలు చేతిలోని గరిటె కింద పెట్టి ఆమె మొహంలోకి చూసింది. "దొంగలు ఇంత చిక్కిపోరే పిచ్చిదానా. ఇంటికి పోయి పడుకో. ఒంట్లో తేరుకున్నాక వచ్చి అప్పుడు మానెయ్," అని మధ్యాహ్నమే పంపించేసింది.

ఎండలో నడిచి ఇల్లు చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. వీధి అరుగు మీద కుర్చీలో తండ్రి కునుకు తీస్తున్నాడు. పెరట్లో మేనత్త బట్టలు ఉతుకుతోంది. వంటగదిలోకి వెళ్ళి చల్లటి నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో కప్పు ఉంది. కప్పులో మందు లేదు.

ఉన్న మందు కూడా నాన్న పారేశాడా? పెరటి గుమ్మంలోకి పరుగెత్తింది.

"అత్తా, నా మందేది?"

"పైన ఉంటుంది చూడు, ఫ్రీజర్లో," అంది మేనత్త, చీర పిండుతూ. "నువ్వటు వెళ్ళగానే మీ నాన్న పైన పెడతాడుగా. నువ్వొచ్చే వేళకి మళ్ళీ కిందికి దించుతాడు. నీకు చెప్పలేదా? చెప్పడులే, నీతో మాటలు లేవుగా మహానుభావుడికి. నన్ను ఆ పై తలుపు ముట్టనిస్తేనా!"

ఫ్రీజర్ తెరిచింది. మంచు పొరల మధ్య చిన్న స్టీలు డబ్బా. అందులో మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు, సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచింది. లోపల మందు కదల్లేదు. రాయిలా గడ్డకట్టి ఉంది.

ఆమె తండ్రి జీవితమంతా శీతల గిడ్డంగిలో యంత్రం నడిపాడు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చలి మేస్త్రి అనేవారు. గిడ్డంగి తలుపులు మూసి ఉన్నప్పుడు చలిని బాగా కిందికి దింపడం, సరుకు బయటికి తీసే ముందు మెల్లగా వదలడం, అదీ ఆయన పనితనం. ఆయన హయాంలో ఒక్క పెట్టె కుళ్ళిన దాఖలా లేదు.

అలికిడికి ఆయన లేచి వచ్చాడు. తెరిచి ఉన్న ఫ్రీజర్నీ, కూతురి చేతిలో సీసానూ చూశాడు.

"తలుపు మూయమను దాన్ని," అన్నాడు పెరటి వైపు చూస్తూ. "చలి పోతుంది."

"నాన్నా, ఇవి ఇక్కడ ఎందుకు పెట్టారు?"

"దానితో చెప్పు," అన్నాడు ఆయన, తడి చేతులతో వచ్చి నిలబడిన చెల్లెలితో. "నువ్వు పొద్దస్తమానం ఆ తలుపు తీస్తూ మూస్తూ ఉంటావు. తలుపులో ఉన్నదానికి వేడి తగులుతుంది. అందుకని అది ఇంట్లో లేని పగలంతా పైన పెట్టి చలికి దింపి, సాయంత్రం వదులుతున్నాను. అది గడ్డి తిన్నా, మందన్నా మంచిగా ఉండాలిగా."

కూతురికి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"గడ్డకడితే ఈ మందు చచ్చిపోతుంది నాన్నా. మళ్ళీ కరిగినా బతకదు. ఇన్నాళ్ళూ నేను నీళ్ళు పొడుచుకున్నాను."

"చలిలో ఏదీ చెడదు."

"ఇది చెడుతుంది."

ఆయన ఆమె చేతిలోంచి సీసా లాక్కున్నాడు. చెప్పులు వేసుకుని ఎండలో పడి వెళ్ళిపోయాడు. ఎక్కడికి వెళ్ళాడో ఇద్దరికీ అర్థమైంది. వీధి చివర మందుల షాపు ఉంది. మేనత్త మేనకోడల్ని పట్టుకుని, "నా నోరు పడిపోను, ఒక్కసారి మాటవరసకైనా అనలేదే నీతో," అని తల బాదుకుంది. కూతురు మాత్రం స్టీలు డబ్బాలోని ఆ గుడ్డనే చూస్తూ నిలబడింది. అది అమ్మ పాత చీర ముక్క. అంచు పోగులు ఊడిపోకుండా దాన్ని చుట్టూ మడిచి కుట్టాడాయన. తనతో ఒక్క మాట మాట్లాడని మనిషి, తనను దొంగ అన్న మనిషి, ప్రతి ఉదయం తను వీధి మలుపు తిరగ్గానే వచ్చి ఈ పని చేస్తున్నాడు. కోపం తెచ్చుకుందామని చూసింది. వచ్చిన కోపం ఆ గుడ్డ దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. జాలిపడదామని చూసింది. ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. తనను చావు దాకా తోసింది ఈ చేతులే. కాపాడాలనుకున్నదీ ఈ చేతులే. ఈ రెండిట్లో ఏది పట్టుకోవాలి?

ఆయన తిరిగొచ్చేసరికి చేతిలో కొత్త సీసా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. చెమట తుడుచుకోలేదు. తలెత్తి, చెల్లెలి వైపు కాకుండా, నేరుగా కూతురి వైపు చూశాడు.

"మరి ఆసుపత్రిలో తిన్నానని ఎందుకన్నావు?"

ఇన్నేళ్ళకు ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది.

"మీరు నమ్మే మాట అదొక్కటే కాబట్టి," అంది కూతురు. "అమ్మను కూడా నేనే చంపానన్నారు. అదీ ఒప్పుకోమంటే ఒప్పుకుంటాను నాన్నా. నాకు ఓపిక లేదు."

ఆయన లేచి, చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు.

సాయంత్రమైంది. సూది వేసుకునే వేళ. కూతురు కొత్త సీసా ముందు పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ సూదికి ఎన్నడూ భయపడనిది ఈవేళ భయపడింది. ఇది కూడా దిగకపోతే? మందు మంచిదై కూడా మీటరు దిగకపోతే ఇక దాక్కోవడానికి చోటు లేదు. అప్పుడు తను నిజంగానే దొంగ, నిజంగానే పిచ్చిది. దిగితే మాత్రం... దిగితే రేపు మళ్ళీ వేసుకోవాలి, ఎల్లుండీ వేసుకోవాలి, ఆగని ఆ చాకిరీ మళ్ళీ నెత్తికెత్తుకోవాలి. రెండూ భయమే. ఏది కోరుకోవాలో తెలియక కళ్ళు మూసుకుని గుచ్చుకుంది. మేనత్త పెట్టింది తిన్నది. తండ్రి ఎదురుగా కదలకుండా కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి లేచి, తలుపు అరలో ఉన్న కప్పు కడిగి, తుడిచి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

మీటరు చూసే వేళకు ఆయనే చెయ్యి చాచాడు. అంకె చూశాడు. బల్ల మీద పెట్టి, ఒక వేలితో కూతురి వైపు జరిపాడు. దిగింది. చక్కగా, ఆసుపత్రిలో దిగినట్టే దిగింది.

మేనత్త ఘొల్లుమంది. రేపు పొద్దున్నే వీధి వీధంతా చెబుతాననీ, మా పిల్ల బంగారమనీ, దొంగ అన్న ప్రతి నోటికీ వాత పెట్టిస్తాననీ, ఒకటే వాగుడు. మొదటి వాత ఎవరికి పెట్టాలో గుర్తొచ్చి మధ్యలో నాలుక కరుచుకుంది. కూతురు ఏడవలేదు. ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. తను తప్పు చేయలేదు. ఒళ్ళు తనను మోసం చేయలేదు. చెప్పిన మాట విన్నది, పాపం, వినడానికి అందులో మందే లేకపోయింది. పరాయిదనుకున్న తన ఒంటి మీద ఆమెకు ఇన్ని నెలల తరవాత ఇష్టం లాంటిదేదో కలిగింది.

మర్నాడు ఉదయం ఎవరూ పిలవకుండానే లేచి, సీసాను అరచేతుల మధ్య దొర్లించి, వెలుతురుకు పట్టి చూసి, సూది వేసుకుంది. జడ వేసుకుంది. బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు.

"బేకరీకేనా?"

"బేకరీకే."

తప్పుకుని దారి ఇచ్చాడు. ఆమె గడప దాటాక వెనక నుంచి అన్నాడు. "మీ అత్తకు చెప్పాను. నీకూ చెబుతున్నాను. ఆ దొంగతిండి సంగతి ఈ ఇంట్లో ఇక ఎవరూ ఎత్తకూడదు. నేనూ ఎత్తను."

కూతురు ఆగింది. క్షమించమని అడుగుతాడనుకోలేదు. అడగడని తెలుసు. కానీ ఇది క్షమాపణో, ఆజ్ఞో, తలుపు తెరవడమో, తాళం వేయడమో ఆమెకు అంతుబట్టలేదు. వెనక్కి తిరిగి, అడగకూడదని తెలిసీ అడిగింది.

"అమ్మ సంగతో?"

ఆయన గుమ్మం పట్టుకుని వీధి వైపు చూశాడు.

"అదీ ఎత్తను," అన్నాడు. "ఎప్పుడూ ఎత్తను. ఇక అడక్కు."